గవర్నరు కోత – గృహస్థుని పన్ను

“మేము కొత్త పన్ను వేయలేదు” అను మాట పాలకుని నోట వినుటకు ఇంపుగా ఉండును. అనేక సందర్భములలో అది నిజము కూడ కావచ్చును. కాని పన్ను వేయనివారు ఎవరు, వేయక తప్పనివారు ఎవరు అని ప్రశ్నించినప్పుడే ఆ నిజములో పాలెంతో నీళ్ళెన్నో తేలును. రాష్ట్ర ప్రభుత్వము తన ఖర్చు తగ్గించుకొన్నంత మాత్రమున ఆ ఖర్చుతో నడచుచున్న బడి మూతపడదు. వీధిలో చెత్త తనంతట తాను తొలగిపోదు. ఆ భారము మరొక భుజము మీదికి మారును. ఆ భుజము ముందు ఊరిది. తరువాత ఊరిలోని గృహస్థునిది.

ఈ బదిలీ ఎట్లు జరుగునో, అది పాలకుని ప్రతిష్ఠను ఎట్లు తాకునో, ఒక్కొక్కప్పుడు తాకకుండ ఎట్లు తప్పిపోవునో తెలిసికొనుటకు అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్ర చరిత్ర మంచి పాఠము. న్యూయార్కు నగరమునకు హడ్సన్ నది ఆవలి ఒడ్డున ఉన్న ఈ చిన్న రాష్ట్రము మన పాఠకులకు కొత్తది కాదు. ఎడిసన్ పరిసరములలో ఎన్నో తెలుగు కుటుంబములు కాపురమున్నవి. ఇంటి పన్ను అత్యధికముగా ఉన్న రాష్ట్రమని అమెరికాలో దానికి పేరు. 2024లో అక్కడ ఒక ఇంటిపై సగటు పన్ను మొదటిసారిగా ఏడాదికి 10,000 డాలర్లు దాటినది.

ముందుగా రెండు భేదములు గుర్తింపవలెను. మన దేశమున గవర్నరును రాష్ట్రపతి నియమించును. పరిపాలన నడుపునది ముఖ్యమంత్రి. అమెరికాలో గవర్నరును ప్రజలే ఎన్నుకొందురు. బడ్జెటు ప్రతిపాదించుట, శాసనసభ ఆమోదించిన బిల్లును వీటో చేయుట, న్యూజెర్సీలోనైతే బడ్జెటులోని ఒక్కొక్క పద్దును కొట్టివేయుట సైతము ఆయన అధికారములు. కనుక ఆ పదవిని మన ముఖ్యమంత్రి పదవితోనే పోల్చవలెను.

రెండవ భేదము ఉపాధ్యాయ లోకమునకు మరింత ముఖ్యమైనది. మన ప్రభుత్వ పాఠశాలలో పనిచేయు ఉపాధ్యాయుని జీతము రాష్ట్ర ఖజానా నుండి వచ్చును. న్యూజెర్సీలో ఊరికొకటిగానో, కొన్ని ఊళ్ళకు కలిపి ఒకటిగానో పాఠశాల బోర్డులుండును. బోర్డు ఖర్చులో పెద్ద భాగము చాల ఊళ్ళలో ఆ ఊరి ఇళ్ళపై వేసిన పన్ను నుండియే రావలెను. వసూలైన ఇంటి పన్నులో సగమునకు పైగా బడులకే పోవును. మిగిలినది పురపాలక సంఘమునకు, జిల్లా వంటి విభాగమైన కౌంటీకి చేరును. ఈ భారమును తేలిక చేయుటకే రాష్ట్రము గ్రాంటు ఇచ్చును. ఆ గ్రాంటు తగ్గినప్పుడు బోర్డు ముందు మిగులు దారులు కొద్ది: ఉన్న నిలువ ఖర్చు చేయుట, ఇంటి పన్ను పెంచుట, ఉపాధ్యాయులను తగ్గించుట.

ఈ ఏర్పాటులో ఒక అసమానత దాగి ఉన్నది. రెండు ఊళ్ళను ఊహించుకొందము. ఒక ఊరి ఇళ్ళ మొత్తము విలువ 100 కోట్లు. మరొక ఊరిది 1,000 కోట్లు. రెండిటికిని రాష్ట్రము ఒక్కొక్క కోటి చొప్పున గ్రాంటు తగ్గించినదనుకొందము. లోటు పూడ్చుకొనుటకు పేద ఊరు తన ఇళ్ళపై నూటికి ఒక రూపాయి చొప్పున పన్ను పెంచవలెను; ధనిక ఊరికి పది పైసలు చాలును. కోత ఒక్కటే, దెబ్బ మాత్రము ఒక్కటి కాదు. పైగా పేద ఊరిలో పన్ను పెరిగిన కొలది ఇల్లు కొనువారు వెనుకాడుదురు. ఇళ్ళ విలువ పడిపోవును. విలువ పడిన కొలది పన్ను రేటు మరల పెంచవలసి వచ్చును.

ఈ చిక్కు న్యూజెర్సీకి నిన్న మొన్నటిది కాదు. ఇంటి పన్ను మీదనే బడులను నిలబెట్టుట రాజ్యాంగసమ్మతము కాదని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 1973లో తీర్పు చెప్పినది. శాసనసభ మూడేండ్లు తాత్సారము చేయగా, 1976 జులైలో బడులపై ఖర్చు చేయరాదని కోర్టు ఆదేశించినది. దానితో వారము దినములు బడులు మూతపడినవి. అప్పుడు గాని రాష్ట్ర ఆదాయపు పన్ను పుట్టలేదు. ఆ రాబడి అంతయు ఇంటి పన్ను భారమును తగ్గించుటకే వినియోగింపవలెనని రాజ్యాంగములోనే వ్రాసికొన్నారు. ఆ పన్ను తెచ్చిన గవర్నరు శ్రీ బ్రెండన్ బర్న్ మరల గెలువరని అందరు అనుకొన్నారు. కాని 1977 ఎన్నికలో ఆయనయే గెలిచినారు.

తరువాత వచ్చిన వారందరికి ఆ అదృష్టము పట్టలేదు. 1990లో శ్రీ జిమ్ ఫ్లోరియో ఆదాయపు పన్నును, అమ్మకపు పన్నును ఒక్కసారిగా పెంచినారు. మొత్తము 280 కోట్ల డాలర్లు. అందులో చాల భాగము పేద ఊళ్ళ బడులకు, ఇంటి పన్ను ఉపశమనమునకు ఉద్దేశించినదే. ప్రజలు ఉద్దేశమును చూడలేదు, పన్నును చూచినారు. 1993లో శ్రీమతి క్రిస్టీన్ విట్మన్ ఆయనను ఓడించినారు. ఆమె ఆదాయపు పన్నును 30 శాతము తగ్గించి మాట నిలుపుకొన్నారు. ఇంటి పన్ను మాత్రము పెరుగుట మానలేదు. 1997 ఎన్నికలో అదియే పెద్ద చర్చనీయాంశమై, ఆమె ఒక్క శాతము ఆధిక్యముతో గట్టెక్కినారు. పై పన్ను పెంచినవారు ఓడినారు. పై పన్ను తగ్గించినవారు క్రింది పన్ను చేతిలో ఓడబోయి తప్పించుకొన్నారు.

ఈ రెండు అనుభవములు కన్నులయెదుట ఉండగా 2010 జనవరిలో శ్రీ క్రిస్ క్రిస్టీ గవర్నరు పదవి స్వీకరించినారు. ఆయన రిపబ్లికన్; శాసనసభలో ఆధిక్యము డెమొక్రాట్లది. 2008 నాటి ఆర్థిక మాంద్యము వలన రాబడి కుంగినది. కేంద్రము ఇచ్చిన తాత్కాలిక సహాయము ముగియనున్నది. రానున్న సంవత్సరమునకు లోటు 1,000 కోట్ల డాలర్లకు పైబడునని అంచనా. ఆ లోటు కల్పితము కాదు. దానిని సృష్టించినది ఆయన ఒక్కరు కాదు. ఈ మాట చెప్పక ముందుకు సాగుట న్యాయము కాదు.

అయితే లోటును పూడ్చు విధానము మాత్రము ఆయన ఎంచుకొన్నదే. ఫిబ్రవరిలో ఆర్థిక అత్యవసర పరిస్థితి ప్రకటించి, సాగుచున్న సంవత్సరపు ఖర్చులోనే సుమారు 220 కోట్ల డాలర్లు నిలిపివేసినారు. అందులో 47 కోట్ల 50 లక్షలు బడులకు చేరవలసిన గ్రాంటు. బోర్డులు తమ నిలువలు ఖర్చు చేసికొనవలెనన్నారు. మార్చిలో తెచ్చిన కొత్త బడ్జెటులో బడుల గ్రాంటు 82 కోట్లు, పురపాలక సంఘముల సహాయము సుమారు 44 కోట్లు తగ్గినవి. గృహస్థులకు ఏటేటా అందుచున్న ఇంటి పన్ను రాయితీ ఆ ఏడాది ఆగిపోయినది. తరువాతి సంవత్సరము తగ్గిన మొత్తముతో, పన్నులో జమకట్టు రూపమున మరల వచ్చినది. ఈ విధముగా కోత మూడు ద్వారముల గుండ ఒకే ఇంటిలో ప్రవేశించినది: బడి ద్వారము, పురపాలక ద్వారము, రాయితీ ద్వారము.

అదే సంవత్సరము మే నెలలో ఏడాదికి పది లక్షల డాలర్లకు మించిన ఆదాయముపై అదనపు పన్ను వేయు బిల్లును శాసనసభ ఆమోదించినది. దాని వలన సుమారు 63 కోట్ల డాలర్లు వచ్చునని, ఆ సొమ్ముతో వృద్ధులకు, వికలాంగులకు ఇంటి పన్ను రాయితీ పునరుద్ధరింపవచ్చునని ప్రతిపాదకుల వాదము. బిల్లు చేతికందిన రెండు మూడు నిమిషములలోనే గవర్నరు వీటో చేసినారు. అసలే పన్నులు హెచ్చుగా ఉన్న రాష్ట్రమును ధనికులు విడిచిపోదురని ఆయన వాదము. ఆ వాదమునకు బలమున్నదా లేదా అన్నది అర్థశాస్త్రజ్ఞుల వివాదము. ఫలితము మాత్రము వివాదమునకు అతీతము. పై మెట్టున పన్ను వేయనందున క్రింది మెట్టున రాయితీ పోయినది.

ఇక ఊళ్ళలో ఏమి జరిగినది? ఆ ఏప్రిల్‌లో పాఠశాల బడ్జెట్లపై ప్రజలు ఓటు వేయు ఆనవాయితీ ప్రకారము ఎన్నిక జరిగినది. ఉపాధ్యాయులు ఒక సంవత్సరము జీతముల పెంపు వదులుకొనని ఊళ్ళలో బడ్జెటును తిరస్కరింపుడని గవర్నరు బహిరంగముగా పిలుపునిచ్చినారు. సగమునకు మించిన బడ్జెట్లు ఓడిపోయినవి. 1976 తరువాత అంతటి తిరస్కారము జరుగలేదు. గ్రాంటు తగ్గించినది రాష్ట్రము. ఆ లోటు పూడ్చబోయి ప్రజల చేత కాదనిపించుకొన్నది ఊరి బోర్డు. మధ్య దోషులుగా నిలువవలసి వచ్చినది ఉపాధ్యాయులు. చాల బడులలో ఉద్యోగములు పోయినవి, తరగతులు కిక్కిరిసినవి.

పురపాలక ద్వారము గుండ వచ్చిన దెబ్బకు కామ్డెన్ నగరము సాక్షి. అది కవి వాల్ట్ విట్మన్ చివరి యేండ్లు గడిపి, కన్నుమూసి, సమాధియైన ఊరు. దేశములోని అతిపేద నగరములలో ఒకటి. సొంత ఇంటి పన్నుతో నిలువలేక రాష్ట్ర సహాయముపై ఆధారపడిన ఆ నగరము, సహాయము తగ్గినందున 2011 జనవరిలో తన పోలీసులలో దాదాపు సగము మందిని ఇంటికి పంపినది. నేరములు అధికమైన నగరములో ఇది జరిగినది. రాష్ట్రములోకెల్ల పెద్ద నగరమైన న్యూవార్కు కూడ అంతకు రెండు నెలల ముందు 160కి పైగా పోలీసులను తొలగించినది.

గవర్నరు పక్షమున చెప్పవలసిన మాట మరొకటి కలదు. 2010 జులైలో ఆయన శాసనసభతో రాజీపడి ఒక చట్టము తెచ్చినారు. బోర్డు గాని, పురపాలక సంఘము గాని వసూలు చేయు మొత్తము ఇంటి పన్నును ఏడాదికి 2 శాతమునకు మించి పెంచరాదు. అంతకు ముందు పరిమితి 4 శాతము. అప్పుల వాయిదాలు, పింఛనులు, వైద్యబీమా వంటి కొన్ని ఖర్చులకు మినహాయింపు ఉన్నది. 2007కు ముందు కొన్నేండ్లు ఏటా 6, 7 శాతము చొప్పున పెరిగిన పన్ను, ఈ చట్టము వచ్చిన తరువాత సగటున 2 శాతము దరిదాపున పెరిగినది. ఇది కాదనరాని మేలు. కాని వేగము తగ్గుట వేరు, భారము తగ్గుట వేరు. 2009లో 7,281 డాలర్లున్న సగటు ఇంటి పన్ను 2017 నాటికి 8,690 డాలర్లయినది. రాయితీ తగ్గిన ఇంటికి చేతి నుండి పోయిన పెంపు ఇంతకంటె హెచ్చు. పైనుండి వచ్చునది తగ్గించి, క్రింద తెచ్చుకొనుదానికి హద్దు గీసినప్పుడు, రెండిటి నడుమ నలిగినది ఊరి సేవలు.

ఇంత జరిగినను గవర్నరు ప్రతిష్ఠ వెంటనే కూలిపోలేదు. 2010, 2011 సంవత్సరములలో ఆయనను మెచ్చువారు, మెచ్చనివారు దాదాపు సరిసమానముగా ఉన్నారు. కోపగించిన ఉపాధ్యాయులు ఎందరో, “నిక్కచ్చి మనిషి” అని సంతోషించిన గృహస్థులు అందరు. ఏమి కారణము? పన్ను కాగితము మీద ఊరి పేరు ఉండును, గవర్నరు పేరు ఉండదు. కోత ప్రకటన వసంతమున వచ్చును. దాని ఫలముగా పెరిగిన పన్ను కాగితము వేసవిలో చేరును. రెండిటికి నడుమ గల సంబంధమును సామాన్యునికి చెప్పువారు లేరు. కోత కోసిన చేయి దూరమున ఉన్నది. పన్ను అడుగు చేయి గడప యెదుట ఉన్నది. సొమ్మొకనిది సోకొకనిది అన్న సామెతను ఇక్కడ కొంచెము తిప్పి చెప్పుకొనవచ్చును: కోత ఒకనిది, నింద ఒకనిది.

తరువాత ఆయన ప్రతిష్ఠ పెరిగినదియు పన్ను వలన కాదు. 2012 అక్టోబరులో శాండీ తుపాను న్యూజెర్సీ తీరమును ధ్వంసము చేసినది. గవర్నరు రాత్రింబవళ్ళు ప్రజల మధ్య నిలిచినారు. ప్రతిపక్షమునకు చెందిన అధ్యక్షుడు ఒబామాతో కలిసి బాధితులను పరామర్శించినారు. నవంబరులో క్విన్నిపియాక్ విశ్వవిద్యాలయము జరిపిన అభిప్రాయ సేకరణలో 72 శాతము ఆయనను మెచ్చినారు. 2013 ఎన్నికలో 60 శాతము ఓట్లతో ఆయన మరల గెలిచినారు.

పడిపోవుటయు అట్లే జరిగినది. 2013 సెప్టెంబరులో జార్జి వాషింగ్టన్ వంతెనపై దారులు మూసివేసి, ఒక ఊరి ప్రజలను రోజుల తరబడి రాకపోకల చిక్కులో పెట్టిన ఉదంతములో ఆయన అనుయాయుల ప్రమేయము 2014 జనవరిలో బయటపడినది. తనకు తెలియదని గవర్నరు చెప్పినారు. విశ్వాసము మాత్రము సడలినది. 2017 జూన్‌లో అదే విశ్వవిద్యాలయపు లెక్కలో ఆయనను మెచ్చినవారు 15 శాతమే. ఇరువదేండ్లకు పైగా తాము ఏ రాష్ట్ర గవర్నరు విషయమునను ఇంత తక్కువ చూడలేదని ఆ సంస్థ ప్రకటించినది. మరుసటి నెల బడ్జెటు తగాదాతో ప్రభుత్వ కార్యాలయములు, ఉద్యానములు మూతపడగా, ప్రజలకు మూసిన సముద్రతీరమున గవర్నరు కుటుంబముతో కూర్చున్న ఛాయాచిత్రము దేశమంతట వ్యాపించినది.

దీనిని బట్టి ఇంటి పన్నుకు పాలకుని ప్రతిష్ఠకు సంబంధము లేదని నిర్ణయించుట తొందరపాటు. సంబంధము ఉన్నది, అది నిదానముగా పనిచేయునది. తుపాను పాలకుని ఒక నెలలో ఎత్తగలదు. వంతెన ఒక నెలలో దింపగలదు. బడ్జెటు కోత ఎత్తదు, దింపదు, లోలోపల తినివేయును. 2011లో పేద ప్రాంతపు 31 పాఠశాల మండలములకు 50 కోట్ల డాలర్లు చెల్లింపుడని సుప్రీంకోర్టు ఆజ్ఞాపించినది. 2014లో రాబడి అంచనాలు తప్పగా ఉద్యోగుల పింఛను నిధికి చెల్లింపవలసినది తగ్గించినారు. ఆయన పదవీకాలమున రాష్ట్రపు పరపతి స్థాయిని ఋణయోగ్యతా సంస్థలు 11 సార్లు తగ్గించినవి. కోత వలన మిగిలినదనుకొన్నది కొంత ఊరి పన్నుగను, కొంత వాయిదా పడిన అప్పుగను తేలినది.

తరువాతి గవర్నరు శ్రీ ఫిల్ మర్ఫీ మరొక మార్గము త్రొక్కినారు. 2020లో పది లక్షల డాలర్లు దాటిన ఆదాయముపై పన్ను పెంచినారు; తరువాత బడుల గ్రాంటు, పింఛను చెల్లింపులు, ఇంటి పన్ను రాయితీ పెంచినారు. అయినను ఇంటి పన్ను పెరుగుట ఆగలేదు. 2021 ఎన్నికలో ప్రత్యర్థి ఆ పన్నునే ప్రధాన విషయము చేయగా ఆయన 3 శాతము తేడాతో మాత్రమే నెగ్గినారు. కోతతో పుట్టిన చిక్కు ఉదారతతో ఒక్కసారిగా విడిపోదు. ఎవరి బాధ్యత ఎంత అన్నది ప్రజలకు స్పష్టపడనంత కాలము, పాపపుణ్యములు ఎప్పుడును తప్పు చిరునామాకే చేరుచుండును.

మన వైపు చూచినను ఈ మెట్ల దారి కనబడును. పంచాయతీలకు, పురపాలక సంఘములకు పన్ను వేయు అధికారమును రాజ్యాంగము నేరుగా ఇవ్వలేదు. రాష్ట్ర శాసనసభ చట్టము ద్వారా ఇయ్యవలెను. 2020లో కరోనా వలన రాబడి పడిపోయినప్పుడు కేంద్రము రాష్ట్రములకు అదనపు అప్పునకు అనుమతి ఇచ్చుచు కొన్ని సంస్కరణలు షరతుగా పెట్టినది. పట్టణములలో ఆస్తి పన్నును ఆస్తి విలువకు ముడిపెట్టుట అందులో ఒకటి. ఆ షరతు మొదట పూర్తిచేసిన రెండు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అంతవరకు ఇంటి అద్దె విలువను బట్టి వేసిన పన్ను 2021 నుండి ఇంటి మూలధన విలువను బట్టి వేయు పద్ధతి వచ్చినది. ఏటా పెంపు 15 శాతము మించరాదని హద్దు పెట్టినారు. అప్పు షరతు ఢిల్లీది, చట్టము అమరావతిది, గడపకు వచ్చిన నోటీసు మాత్రము పురపాలక సంఘముది. గృహస్థుడు తగవు పెట్టుకొన్నది నోటీసు తెచ్చిన బంట్రోతుతో.

కనుక పౌరశాస్త్రము బోధించు ఉపాధ్యాయునికి ఇందులో ఒక పని కలదు. శాసనసభ అధికారములు, పంచాయతీ విధులు వల్లె వేయించిన తరువాత, ఇంటి పన్ను రసీదు తెచ్చి చూపుడని విద్యార్థులను అడుగవచ్చును. ఈ పన్ను ఎవరు నిర్ణయించినారు? నిరుడు ఎంత, ఈ యేడు ఎంత? ఊరికి రాష్ట్రము ఇయ్యవలసినది ఎంత, ఇచ్చినది ఎంత? దానితో పాటు వసూలు చేయు గ్రంథాలయ పన్ను గ్రంథాలయ సంస్థకు చేరినదా? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకిన బాలుడు రేపు ఓటరైనప్పుడు “పన్ను పెంచలేదు” అను మాట విని వెంటనే చప్పట్లు కొట్టడు, “మరి పెంచినదెవరు?” అని అడుగును. న్యూజెర్సీ గృహస్థులలో చాలమంది 2010లో ఆ ప్రశ్న అడిగి ఉండినచో, ఊరి బోర్డు మీద పడిన కోపములో కొంతైనను రాష్ట్ర రాజధానికి చేరి ఉండెడిది.